కేంద్ర ముసాయిదా నిబంధనలు: నల్గొండ, పాలమూరు చిన్న ఉత్పత్తిదారులు

కేంద్ర ప్రభుత్వం కొత్త నిబంధన తేవాలనుకున్నప్పుడు చాలా సందర్భాల్లో ముందుగా దాని ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, దానివల్ల ప్రభావితమయ్యే వారి నుంచి అభ్యంతరాలు, సలహాలు కోరుతుంది. చేనేత మగ్గం నుంచి బియ్యం మిల్లు దాకా, రంగుల అద్దకం నుంచి మందుల ముడిపదార్థాల తయారీ దాకా చిన్న ఉత్పత్తిదారుల బతుకు ఈ నిబంధనలతో ముడిపడి ఉంది. దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వీటి ప్రభావం ఏమిటో, అక్కడి వారి మాట ఢిల్లీకి ఏ దారిన చేరుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. మాట చెప్పుకునే హక్కు కాగితం మీద అందరికీ ఉంది. దానికి ఫలం దక్కిన సందర్భాలను పరిశీలిస్తే మూడు సంగతులు తేలుతున్నాయి: ముసాయిదా అర్థమయ్యే భాషలో అందాలి, ఆలోచించి జవాబు రాసేంత గడువు ఉండాలి, నలుగురి మాటను కూడగట్టి మోసుకెళ్లే సంఘమో ప్రభుత్వమో ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నిబంధన చిన్నవాళ్ల గడపకు అమల్లోకి వచ్చాకే చేరుతుంది.

ప్రాంతం, ఉత్పత్తిదారులు

2016 అక్టోబర్ 11 నాటి పునర్వ్యవస్థీకరణలో పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. పాలమూరుగా జనం పిలుచుకునే మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా వేరు జిల్లా అయింది. వానాధారపు మెట్ట నేలలు, కరువులు, వలసలు ఈ ప్రాంతానికి కొత్త కావు. ఊళ్లో చేతిపని దొరికితే వలస ఆగుతుంది. అందుకే ఇక్కడ చిన్న పరిశ్రమ మీద పడే ప్రతి పైసా భారాన్నీ జనం లెక్క చూసుకుంటారు.

ఈ ప్రాంతపు ఉత్పత్తుల్లో ముందు చెప్పుకోవలసింది చేనేత. భూదాన్ పోచంపల్లి, చౌటుప్పల్ పక్కన కొయ్యలగూడెం, సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక, నూలుకు ముడులు కట్టి రంగులద్దే నేత అయిన ఇక్కత్‌కు పేరుపడ్డాయి. పుట్టపాక తేలియా రుమాలు అనే ఇక్కత్ వస్త్రానికి పేరుగాంచింది. ఆ ఊరి నేత కళాకారులు గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ లభించింది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల నూలు ఒంటికి పట్టు అంచు, కొంగు జతచేసే చీరలకు ప్రసిద్ధి. ఒంటిని, అంచును కలిపే ఆ నేత పద్ధతినే కుప్పడం అంటారు. రాజోలిలోనూ, అమరచింతలోనూ మగ్గాలున్నాయి. గళ్ల ఒళ్లు, గుడి అంచులు నారాయణపేట చీరల గుర్తు. పాలమూరు కురుమలు నేసే నల్లగొంగడి కూడా ఈ జాబితాలోనిదే.

రెండోది బియ్యం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వరి మిర్యాలగూడను రాష్ట్రంలోనే పేరున్న మిల్లుల పట్టణంగా మార్చింది. ఉప్పుడు బియ్యం ఇక్కడి ప్రత్యేకత. మూడోది మందుల పరిశ్రమ. హైదరాబాద్–విజయవాడ రహదారి పొడవునా చౌటుప్పల్ వైపు, అటు బీబీనగర్ వైపు మందుల ముడిపదార్థాలు తయారుచేసే యూనిట్లు వెలిశాయి. మహబూబ్‌నగర్ వైపు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో పెద్ద కంపెనీలు స్థిరపడ్డాయి.

చిన్న పరిశ్రమ అంటే ఏదో చట్టమే నిర్వచిస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం కింద 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొలతల ప్రకారం, యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే అది సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల దాకా చిన్న సంస్థ. ఇంట్లో రెండు గుంట మగ్గాలు వేసుకున్న కుటుంబమూ, తొమ్మిది కోట్ల వ్యాపారం చేసే కర్మాగారమూ ఈ లెక్కలో ఒకే గాటన పడతాయి. గుమాస్తాను, ఆడిటర్‌ను పెట్టుకోగల సంస్థకు కొత్త నిబంధన అదనపు ఖర్చు. మగ్గం మీద కూర్చున్న మనిషికి అది పనిదినాల నష్టం.

ముసాయిదా నడిచే దారి

భారతదేశంలో నిబంధనల తయారీ అంతటికీ వర్తించే ఒకే చట్టం లేదు. ఏ చట్టం కింద నిబంధన తెస్తున్నారో ఆ చట్టం ‘ముందస్తు ప్రచురణ’ కోరితే, 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 23వ సెక్షన్ వర్తిస్తుంది. ముసాయిదాను ప్రచురించాలి, దాన్ని ఎప్పుడు పరిశీలనకు తీసుకుంటారో తేదీ చెప్పాలి, ఆలోపు అందిన అభ్యంతరాలను పరిగణించాలి. అయితే ఒక్కో అభ్యంతరానికి కారణం చూపుతూ జవాబు చెప్పాలని ఈ సెక్షన్ అనదు. పైగా, ముందస్తు ప్రచురణ తర్వాత చేసినట్టు పేర్కొంటూ తుది నిబంధన గెజిట్‌లో వచ్చిందంటే, అది సక్రమంగా తయారైందనడానికి అదే నిర్ణయాత్మక రుజువు.

ఔషధాలు, ఆహార భద్రత, పర్యావరణం వంటి రంగాల చట్టాలు ముందస్తు ప్రచురణను ఏదో ఒక రూపంలో కోరతాయి. పర్యావరణ పరిరక్షణ నిబంధనలు (1986) అభ్యంతరాలకు 60 రోజులు ఇస్తాయి. 2014 ఫిబ్రవరిలో కేంద్రం జారీచేసిన శాసన పూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం బిల్లుల ముసాయిదాలను, ఉపశాసనాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. కానీ అది విధానమే తప్ప చట్టం కాదు. పాటించకపోతే ఆ ఒక్క కారణంతో నిబంధన చెల్లకుండా పోదు.

గెజిట్ నోటిఫికేషన్ ఎలా ఉంటుందో చూస్తే చిన్నవాళ్ల ఇబ్బంది ఇట్టే అర్థమవుతుంది. ముందు హిందీ పాఠం, తర్వాత ఇంగ్లిష్ పాఠం. మొదటి పేరాలో ఏ చట్టంలోని ఏ సెక్షన్ ఇచ్చిన అధికారంతో దీన్ని తెస్తున్నారో ఉంటుంది. ఆ తర్వాత ఫలానా నిబంధనలో ఫలానా పదాల స్థానంలో ఈ పదాలు చేర్చాలి అన్న తరహా వాక్యాలు. పాత నిబంధనను పక్కన పెట్టుకుని చదివితే తప్ప మారిందేమిటో తెలియదు. అభ్యంతరాలు ఢిల్లీలోని ఫలానా అధికారికి తపాలాలో గానీ ఈమెయిల్‌లో గానీ పంపాలని అడ్రసు ఉంటుంది. తెలుగు పాఠం ఉండదు.

గడువుదీ అదే కథ. పోచంపల్లి పట్టు ఇక్కత్‌లో ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు నేస్తారు. నూలును ఆసు మీద పోయాలి, డిజైన్ గీతల ప్రకారం సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో ఒక్కో ముడి బిగించాలి, రంగులో ముంచాలి, ఆరాక ముడులు విప్పి మరో చోట కట్టి మళ్లీ ముంచాలి. ఇంటిల్లిపాదీ ఈ పనిలో ఉంటారు. మగ్గం ఎక్కిన పడుగు దిగేలోపు 30 రోజుల గడువు వచ్చి వెళ్లిపోతుంది. ఆసు పోయడంలో ఆడవాళ్ల భుజాలు అరిగిపోతున్నాయని, తల్లి కష్టం చూడలేక చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పని అంతగా ఒళ్లు వంచే చోట గెజిట్ చదివి జవాబు రాసే తీరిక ఎవరికీ ఉండదు. సంఘం చదివి చెప్పాలి.

చేనేత: రక్షణ చట్టాలు, సలహా మండలులు

చేనేత విషయంలో కేంద్రం నిబంధనలు ఎక్కువగా రక్షణ కోసం పుట్టాయి. మిల్లు బట్టతో పోటీ పడలేక మగ్గాలు మూలపడుతున్న రోజుల్లో, 1950లో కొన్ని రకాల ధోవతుల నేతను చేనేతకే వదిలారు. 1953లో మిల్లు బట్ట మీద అదనపు ఎక్సైజ్ సుంకం వేసి ఖాదీకి, చేనేతకు నిధి సమకూర్చారు. ఆ కాలంలో నేత కార్మికుల మాట సహకార సంఘాల ద్వారా నడిచింది. తెలంగాణలో సహకార చేనేత ఉద్యమానికి పెద్ద దిక్కయిన కొండా లక్ష్మణ్ బాపూజీ భువనగిరి శాసనసభ్యుడిగానూ పనిచేశారు. సంఘం, శాసనసభ, మంత్రిత్వ శాఖ అన్న దారి అప్పట్లో నేతన్నలకు బాగా పరిచయమైంది.

1985 నాటి చేనేత వస్తువుల రిజర్వేషన్ చట్టం ఈ రక్షణకు పూర్తి రూపమిచ్చింది. 1986లో 22 రకాల వస్తువులను చేనేతకే ప్రత్యేకించారు. మరమగ్గాల యజమానులు కోర్టుకెళ్లారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 1996లో జాబితాను 11 వస్తువులకు కుదించారు. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, జంబుఖానా, దుప్పటి, కంబళి వంటివి ఇప్పటికీ అందులో ఉన్నాయి. ఏ వస్తువును ప్రత్యేకించాలో సలహా సంఘం సిఫారసు మీద కేంద్రం నిర్ణయించాలని చట్టమే చెబుతుంది. అందువల్ల ఆ సంఘంలో ఎవరున్నారు, వాళ్ల చెవిన ఎవరి మాట పడింది అన్నదే జాబితా పెరగడానికైనా తగ్గడానికైనా మూలం. ఈ రక్షణ ఉన్నా, ఇక్కత్ డిజైన్లను మరమగ్గం బట్ట మీద అచ్చువేసి అగ్గువకు అమ్మడం పోచంపల్లి నేతగాళ్లను ఏళ్ల తరబడి వేధిస్తున్న బెడద.

నూలు సంగతి కూడా అంతే. మగ్గానికి చిలపల నూలు కావాలి, మరమగ్గానికి కోన్ నూలు. చేనేతకు నూలు కొరత రాకుండా, స్పిన్నింగ్ మిల్లులు తాము దేశీయ వాడకానికి అమ్మే నూలులో కొంత భాగాన్ని తప్పనిసరిగా చిలపల రూపంలో ఇవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. 2003లో ఆ వాటాను 40 శాతంగా నిర్ణయించారు. 2019లో 30 శాతానికి తగ్గించారు. మిల్లుల వైపు నుంచి చూస్తే అది సడలింపు. చిలపలు విప్పుకుని కండెలు చుట్టుకునే ఇంటికి అది రేపటి నూలు ధర గురించిన బెంగ.

సలహా చెప్పే వేదికల్లో పెద్దది అఖిల భారత చేనేత మండలి. 1992లో ఏర్పడిన ఈ మండలిలో అధికారులతోపాటు నేత రంగం నుంచి అనధికార సభ్యులు కూర్చునేవారు. మండలి సమావేశాలు తరచుగా జరిగేవి కావన్న విమర్శ ఉన్నా, నేత కార్మికుడు కేంద్ర మంత్రి ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగే అధికారిక స్థలం అది. 2020లో, ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి కొద్ది రోజుల ముందు, దాన్ని రద్దుచేశారు. నాలుగో చేనేత గణన (2019–20) దేశంలో 35.22 లక్షల మంది చేనేత, అనుబంధ కార్మికులున్నట్టు లెక్కతేల్చింది. మూడో గణనలో (2009–10) ఈ సంఖ్య 43.31 లక్షలు. రంగం కుంచించుకుపోతున్న సమయంలోనే మాట చెప్పుకునే చోటూ తగ్గింది.

మేలు చేసిన కేంద్ర ప్రక్రియలూ ఉన్నాయి. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. దాని కింద దేశంలో మొదటి వరుసలో గుర్తింపు పొందిన వాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. దరఖాస్తు చేసింది స్థానిక చేనేత సహకార సంఘమూ, టై అండ్ డై పట్టుచీరల తయారీదారుల సంఘమూ. ఈ చట్టం కింద దరఖాస్తును ముందుగా ప్రత్యేక జర్నల్‌లో ప్రచురించి, అభ్యంతరాలకు మూడు నెలల గడువిస్తారు. తర్వాతి ఏళ్లలో గద్వాల, నారాయణపేట చీరలూ, పుట్టపాక తేలియా రుమాలూ ఈ గుర్తింపు పొందాయి. గడువు చాలినంత ఉండి, దరఖాస్తు చేసేది ఊరి సంఘమే అయినప్పుడు కేంద్ర ప్రక్రియ నేతన్నకు అందుబాటులోకి వస్తుందనడానికి ఇది చక్కని ఉదాహరణ.

జీఎస్‌టీ: ముసాయిదా లేని పన్ను

చిన్న ఉత్పత్తిదారుల మీద ఇటీవలి కాలంలో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపిన మార్పు 2017 జులై 1 నుంచి అమలైన వస్తుసేవల పన్ను (జీఎస్‌టీ). చేనేత వస్త్రం మీద 5 శాతం పడింది. నూలు మీద ఒక పన్ను, రంగులు, రసాయనాల మీద 18 శాతం, అమ్మే చీర మీద మరో పన్ను. రశీదులు, రిటర్నులు నేత ఇళ్లకు, చిన్న సహకార సంఘాలకు కొత్త.

ఈ పన్ను రేట్లను రాజ్యాంగం 279ఎ అధికరణం కింద ఏర్పడిన మండలి సిఫారసు చేస్తుంది. కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులు అందులో సభ్యులు. రేట్లను ముసాయిదాగా ప్రచురించి అభ్యంతరాలు కోరే పద్ధతి లేదు. కాబట్టి మగ్గం మాట రాష్ట్ర మంత్రి నోట పలకాలి. ప్రాంతాలవారీగా, రాష్ట్రాలవారీగా వర్తక సంఘాల ప్రతినిధులతో ఫిర్యాదుల పరిష్కార కమిటీలు వేయాలని 2019 డిసెంబర్‌లో మండలి నిర్ణయించింది గానీ, అవి చూసేది అమలులోని చిక్కులను.

2021లో ఈ దారి ఎలా పనిచేస్తుందో తేటతెల్లమైంది. సెప్టెంబర్ 17న లక్నోలో జరిగిన 45వ సమావేశం వస్త్ర రంగంలో ముడిసరుకు మీద ఎక్కువ, తయారైన సరుకు మీద తక్కువ పన్ను ఉన్న తలకిందుల వరుసను సరిచేయాలని తీర్మానించింది. నవంబర్ 18న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2022 జనవరి 1 నుంచి 5 శాతంలో ఉన్న వస్త్రాలు, దుస్తులు 12 శాతానికి వెళ్లాలి. దేశమంతటా మార్కెట్లు అట్టుడికాయి. సూరత్ వర్తకుల నుంచి పోచంపల్లి నేత సంఘాల దాకా వ్యతిరేకించారు. గుజరాత్ అత్యవసర సమావేశం కోరింది. తెలంగాణ సహా పలు రాష్ట్రాలు వద్దన్నాయి. పెంపు అమలు కావడానికి ఒక్క రోజు ముందు, డిసెంబర్ 31న, ఢిల్లీలో జరిగిన 46వ సమావేశం దాన్ని వాయిదా వేసింది. చేనేత ఒంటరిగా అడిగి సాధించింది కాదిది. పెద్ద వర్తకులు, రాష్ట్ర ప్రభుత్వాలు, చిన్న నేతగాళ్లు ఒకే వైపు నిలబడ్డ అరుదైన సందర్భం.

ఉన్న 5 శాతాన్నీ తీసేయాలన్న కోరిక మాత్రం నెరవేరలేదు. 2022 అక్టోబర్ 22న అప్పటి రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రి కె.టి. రామారావు ప్రధానికి స్వయంగా పోస్టుకార్డు రాసి, జీఎస్‌టీ రద్దు కోరుతూ కార్డుల ఉద్యమం మొదలుపెట్టారు. అప్పటికి మునుగోడు ఉప ఎన్నిక ప్రచారం జోరుగా సాగుతోంది. నవంబర్ 3న పోలింగ్. చౌటుప్పల్, పుట్టపాక వంటి నేత కేంద్రాలు ఆ నియోజకవర్గంలోనివే. రాజకీయ లెక్కలు ఎలా ఉన్నా, మగ్గం మీది పన్ను ఊరూరా చర్చకు వచ్చింది.

తెలంగాణకు ప్రత్యేకమైన మరో చిక్కుంది. సరుకులు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ మినహాయింపు పరిమితిని 2019 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం 40 లక్షల రూపాయల టర్నోవర్‌కు పెంచింది. కొన్ని రాష్ట్రాలను ఆ పెంపు నుంచి మినహాయించారు. వాటిలో తెలంగాణ ఒకటి. ఇక్కడ పరిమితి 20 లక్షలుగానే ఉండిపోయింది. పట్టుచీరలు ఖరీదైనవి కాబట్టి పది పదిహేను మగ్గాలకు నూలిచ్చి నేయించే ఓ మోస్తరు ఆసామి కూడా సులువుగా ఆ గీత దాటుతాడు.

మంచి ఉద్దేశంతో వచ్చిన నిబంధన ఎదురుతిరిగిన సందర్భమూ ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు రావలసిన బాకీని రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆ మొత్తాన్ని అదే ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదని 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) చేర్చింది. అప్పు మీద సరుకిచ్చి నెలల తరబడి ఎదురుచూసే చిన్న ఉత్పత్తిదారుకు ఇది అండ కావలసింది. కానీ 2024 మార్చి దగ్గరపడేసరికి వస్త్ర మార్కెట్లలో కొనుగోలుదారులు సరుకు వెనక్కి పంపుతున్నారని, నమోదుకాని వారి దగ్గర కొంటున్నారని సంఘాలు మొరపెట్టాయి.

మిర్యాలగూడ బియ్యం, 25 కిలోల గీత

మిల్లర్ల మీద పడే కేంద్ర నిబంధనలు వేరే రకం. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్‌టీ వచ్చింది. అంతకుముందు పన్ను బ్రాండు పేరున్న వాటికే. తూనికలు కొలతల నిబంధనలను ఆధారం చేసుకుని 25 కిలోల వరకు ఉన్న సంచికే ఈ పన్ను అన్నారు. ఫలితం రోజుల్లోనే కిరాణా కొట్ల ముందు కనిపించింది. 25 కిలోల సంచులు ఉన్న చోట 26 కిలోల సంచులు వచ్చాయి. కొనేవాడికి ఒక కిలో ఎక్కువ, పన్ను లేదు. సంచి కుట్టే మిల్లుకు కొత్త అచ్చు, కొత్త తూకం.

ఆ సందు పూడ్చడానికి వినియోగదారుల వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2024 జులైలో ప్యాక్ చేసిన సరుకుల నిబంధనల సవరణ ప్రతిపాదించింది. పరిశ్రమకు అమ్మే సరుకు మినహా, చిల్లరగా అమ్మే ప్రతి సంచికీ బరువుతో నిమిత్తం లేకుండా వివరాలు ముద్రించడం తప్పనిసరి కావాలని ప్రతిపాదన. అభిప్రాయాలకు మొదట ఇచ్చిన గడువు జులై 29 దాకా, అంటే 15 రోజులు. వినియోగదారుకు తయారీ తేదీ, ధర తెలియాలన్న ఉద్దేశం సరైనదే. సంచి మీద రాసే ఒక్క వాక్యం మిల్లు లెక్కల్లో ఎన్ని గీతలు మారుస్తుందో చెప్పవలసింది మిల్లర్ల సంఘాలు, చెప్పడానికి దొరికింది రెండు వారాలు.

ఎగుమతి ఆంక్షలకైతే ఆ రెండు వారాలు కూడా దొరకలేదు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. దేశంలో ధరలు అదుపులో ఉంచాలన్నది కారణం. 2024 సెప్టెంబర్ నెలాఖరున నిషేధం ఎత్తేసి, ఉప్పుడు బియ్యం సుంకాన్ని సగానికి తగ్గించారు. అక్టోబర్‌లో అదీ తీసేశారు. ఇలాంటి రాత్రికి రాత్రి మార్పుల మీద ఎగుమతిదారులు గోలపెట్టాక, 2025 జనవరి 2న విదేశీ వాణిజ్య విధానంలో రెండు పేరాలు చేర్చారు. విధానంలో మార్పు చేసే ముందు సంబంధిత వర్గాల అభిప్రాయాలు అడగాలన్నది వాటి సారాంశం. అవసరమైతే స్వయంగా నిర్ణయం తీసుకునే అధికారాన్ని కేంద్రం అట్టిపెట్టుకుంది.

మందుల తయారీ: షెడ్యూల్ ఎం

నిబంధన కఠినమైతే చిన్నవాడికి కష్టం, సడలిస్తే రోగికి ముప్పు. మందుల రంగంలో ఈ పీటముడి విప్పడం తేలిక కాదు. ఔషధాల నిబంధనల్లోని షెడ్యూల్ ఎం మందుల ఫ్యాక్టరీలో గాలి, నీరు, యంత్రాలు, రికార్డులు ఎలా ఉండాలో చెబుతుంది. దాన్ని అంతర్జాతీయ ప్రమాణాలకు పెంచే ముసాయిదాను ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018 అక్టోబర్‌లో ప్రచురించింది. తుది నోటిఫికేషన్ వెలువడింది 2023 డిసెంబర్ 28న. ఈ మధ్యలో 2022లో గాంబియాలో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన ఉదంతం భారత మందుల మీద ప్రపంచానికి అనుమానం పెంచింది.

250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకు ఆరు నెలలు, ఆ లోపు వాటికి పన్నెండు నెలలు గడువిచ్చారు. చిన్న, మధ్య తరహా తయారీదారుల సంఘాలు ఆ గడువు చాలదన్నాయి. కొత్త గాలి శుద్ధి వ్యవస్థ, వేరువేరు గదులు, నాణ్యతా విభాగపు సిబ్బంది అంటే చిన్న యూనిట్‌కు బ్యాంకు అప్పే దిక్కు. 2025 జనవరిలో గడువు పెంపు ముసాయిదా వచ్చింది. ఫిబ్రవరిలో తుది నోటిఫికేషన్ చిన్న, మధ్య తరహా యూనిట్లకు 2025 డిసెంబర్ 31 దాకా అవకాశమిచ్చింది, ఫ్యాక్టరీని ఎలా మెరుగుపరుస్తారో ముందుగా ప్రణాళిక సమర్పించాలన్న షరతుతో. సంఘాలు అడిగిన సమయం దక్కింది. అదే ఏడాది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు మళ్లీ పసిపిల్లల ప్రాణాలు తీసింది. చిన్న తయారీదారు మాట వినడం ఎంత అవసరమో, మందు మింగే మనిషి తరఫున మాట్లాడేవారు అదే బల్ల దగ్గర ఉండడమూ అంతే అవసరమని ఈ వరుస చెబుతోంది.

పర్యావరణ అనుమతులు, భాష

మందుల ముడిపదార్థాల యూనిట్ పెట్టాలన్నా విస్తరించాలన్నా 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వర్తిస్తుంది. పారిశ్రామిక వాడల బయట ప్రతిపాదించే ప్రాజెక్టులకు సాధారణంగా స్థానికంగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఊళ్లో పందిరి వేసి, కలెక్టర్ స్థాయి అధికారి కూర్చుని, జనం తెలుగులో చెప్పింది రాసుకునే ఈ పద్ధతి ఈ వ్యాసంలోని ప్రక్రియలన్నిటిలోకీ సామాన్యుడికి దగ్గరైనది. 2020 మార్చి 27న కోవిడ్ కారణంగా కేంద్రం కొంత కాలానికి మందుల ముడిపదార్థాల ప్రాజెక్టులను ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేని వర్గంలోకి మార్చింది. ప్రజాప్రయోజనం పేరిట ఆ మార్పుకు 60 రోజుల ముందస్తు నోటీసును కూడా పక్కన పెట్టింది.

అదే ఏడాది ఏప్రిల్ 11న గెజిట్‌లో వచ్చిన కొత్త మదింపు ముసాయిదా భాష ప్రశ్నను దేశం ముందుంచింది. లాక్‌డౌన్ రోజుల్లో హిందీ, ఇంగ్లిష్‌లలో మాత్రమే వచ్చిన దానికి జనం ఎలా జవాబిస్తారని ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ పడింది. 2020 జూన్ 30న కోర్టు అభ్యంతరాల గడువును ఆగస్టు 11 దాకా పొడిగించి, ముసాయిదాను ఎనిమిదో షెడ్యూల్ భాషల్లోకి అనువదించాలని ఆదేశించింది. గెజిట్‌కు ప్రాంతీయ భాషల అనువాదం చట్టరీత్యా అక్కరలేదంటూ మంత్రిత్వ శాఖ సుప్రీంకోర్టుకు వెళ్లింది. లక్షల సంఖ్యలో అభ్యంతరాలు వచ్చాయి.

రంగుల అద్దకానికీ పర్యావరణ చట్టం తగిలింది. కేన్సర్ కారకాలన్న కారణంతో 1997లో కేంద్రం 70 రకాల అజో రంగుల వాడకాన్ని నిషేధించింది. అద్దకం తొట్టిలో చేతులు ముంచే మనిషి ఆరోగ్యానికి ఇది మేలే. ఏ డబ్బాలో నిషిద్ధ రంగు ఉందో, బదులు ఏది వాడాలో తెలుగులో చెప్పే శిక్షణ కూడా వెంట రావాలి. నేతగాళ్లకు శిక్షణనిచ్చే వీవర్స్ సర్వీస్ సెంటర్ల వంటి సంస్థల విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఇతర దేశాల్లో

అమెరికాలో 1946 నాటి పరిపాలనా విధాన చట్టం ఫెడరల్ సంస్థల నిబంధనలకు ముందస్తు నోటీసు, ప్రజాభిప్రాయం సాధారణ నియమం చేసింది. 1980 నాటి చట్టం మరో అడుగు వేసింది. చిన్న సంస్థల మీద గణనీయమైన భారం పడే అవకాశం ఉంటే, ఎంత పడుతుందో, తగ్గించే మార్గాలేమిటో సంస్థ రాతపూర్వకంగా విశ్లేషించాలి. 1996 సవరణతో పర్యావరణ సంస్థ, కార్మిక భద్రతా సంస్థ కొన్ని ముఖ్య నిబంధనలకు ముసాయిదా ప్రచురించక ముందే చిన్న వ్యాపారుల ప్రతినిధులతో కూర్చోవలసి వచ్చింది. ఐరోపా సమాఖ్యలో కూడా ప్రతిపాదన దశలోనే చిన్న సంస్థల మీద ప్రభావాన్ని లెక్కగట్టే పరీక్ష ఉంది.

భారతదేశంలో చిన్న సంస్థల జాతీయ మండలి 2006 చట్టం కింద ఉన్నా, ప్రతి మంత్రిత్వ శాఖ ప్రతి ముసాయిదాకూ ఇలాంటి లెక్క వేయాలన్న నియమం లేదు. నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుల్లో చిన్న సంస్థలకు మూడు నెలలు, సూక్ష్మ సంస్థలకు ఆరు నెలలు అదనంగా ఇవ్వడం వంటి సడలింపులు కొంతవరకు ఆ లోటు తీరుస్తున్నాయి.

ప్రస్తుత స్థితి

2025 సెప్టెంబర్ 3న జీఎస్‌టీ మండలి 56వ సమావేశం 12 శాతం శ్రేణిని ఎత్తేసింది. సెప్టెంబర్ 22 నుంచి అమలైన కొత్త రేట్లలో కృత్రిమ దారం, నూలు 5 శాతానికి దిగాయి. 2021లో బట్ట మీద పన్ను పెంచి సరిచేయాలనుకున్న తలకిందుల వరుసను ఈసారి ముడిసరుకు మీద పన్ను తగ్గించి సరిచేశారు. చేనేత చీర 5 శాతంలోనే ఉంది. సున్నా చేయాలన్న కోరిక అలాగే ఉంది.

ఇక ముందు కావలసినవి ఇవి: తెలుగులో ముసాయిదా సారాంశం, చేతిపనుల మీద పడే నిబంధనలకు కనీసం 60 రోజుల గడువు, చౌటుప్పల్, గద్వాల, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో నేరుగా విచారణ, అందిన అభ్యంతరాలకు కారణాలతో కూడిన బహిరంగ సమాధానం. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర లేదు. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పందిళ్లు, భౌగోళిక గుర్తింపు జర్నల్ మూడు నెలల గడువు ఇప్పటికే నడుస్తున్న నమూనాలు.

పరీక్షకు నిలిచే కొత్త సందర్భం గద్వాల వైపు నుంచే వచ్చింది. కంపెనీల కోసం హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే వేలాది రైతులకు నిలయమైన ఆ జిల్లాను తాకేలా, 1966 నాటి విత్తన చట్టం స్థానంలో కొత్త విత్తన బిల్లు ముసాయిదాను కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2025 నవంబర్‌లో విడుదల చేసింది. అభిప్రాయాలకు డిసెంబర్ 11 దాకా గడువు పెట్టింది. దక్షిణ తెలంగాణ మెట్టల్లో పత్తితీతలు సాగే నెలలవి.